ఐదో పేరా

"నాకు నేనే రాసుకోవాలా?" సూర్యప్రకాశం మాస్టారు నమ్మలేనట్టు అడిగారు.

హెడ్మాస్టరు శాంతికుమార్ ఇబ్బందిగా నవ్వాడు. "మరెవరు రాస్తారండీ? రేపు సాయంత్రమే మీ రిటైర్మెంటు ఫంక్షను. పాలకొల్లు చుట్టుపక్కల ఏ మాస్టారు రిటైరైనా సన్మాన పత్రం మీ చేతి మీదుగానే కదండీ వెళ్లేది. జీవరాజు గారికి రాశారు చూడండి, మృదుభాషి, శిష్యకల్పవృక్షం అని. అది విని ఆయన ఏడ్చేశారు."

ఆ మృదుభాషి జీవరాజు డ్రిల్లు మాస్టారు. ఆయన విజిలు వినబడితే పిల్లలు నిక్కర్లు తడుపుకునేవారు. అయితే ఏం, పత్రం అన్నాక పొగడాలి, మాస్టారు పొగిడారు. ఎవర్నైనా అవే మాటలతో పొగిడారు. తన వంతు వచ్చినప్పుడు మాత్రం ఎవరో ఒకరు తన గురించి నాలుగు మాటలు రాస్తారని, అప్పుడైనా తానెవరో తనకి తెలుస్తుందని లోపల్లోపల చిన్న ఆశ. అది కాస్తా గోదాట్లో కలిసింది.

సాయంత్రం అరుగు మీద కాగితం పెట్టుకుని కూర్చున్నారు. 'విద్యావారిధి' అని రాసి, సిగ్గేసి కొట్టేశారు. ఎదురుగా భార్య సీతారామలక్ష్మి తోటకూర బాగుచేస్తోంది.

"ఏమోయ్, నేనెలాంటివాణ్ణంటావ్?"

ఆవిడ బిత్తరపోయింది. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆయన ఆవిణ్ణి అడిగినవి కాఫీ, తువ్వాలు, గొడుగు. అంతకు మించి ఏమీ లేవు.

"ఏంటండీ ఆ ప్రశ్న? ఒంట్లో బాగానే ఉందా?"

"చెప్పు, పర్లేదు."

"ఏమోనండి. మీరేదన్నా మాట్లాడితే కదా నాకు తెలిసేది." కూర పళ్లెం తీసుకుని ఆవిడ లోపలికి వెళ్లిపోయింది.

ఆ మాట మాస్టారి మనసులో ముల్లులా దిగింది. కాగితం రెండో వైపుకి తిప్పారు. తర్వాత కలం దానంతటదే కదిలినట్టయింది. సమాసాలు రాలేదు, బిరుదులు రాలేదు. పొద్దున్నే చొక్కా గుండీలు పెట్టుకోవడం, సైకిలు తుడుచుకోవడం, ఇంటికొచ్చి అన్నం తిని పడుకోవడం, ఇవే వచ్చాయి. ఐదో పేరా ఇలా ముగిసింది.

ఊళ్లో అందర్నీ కల్పవృక్షాలన్నాను.
అద్దంలో కనబడేవాడికి మాత్రం మాట దొరకలేదు.
ఉప్పు తక్కువైన రోజు చెప్పలేదు,
సరిపోయిన రోజూ చెప్పలేదు.
ఆ చెప్పనివాణ్ణే నేను.
సీతా, వింటున్నావా?

'సీతా' అని రాసి దొంగలా చుట్టూ చూశారు. ఆవిణ్ణి పేరు పెట్టి పిలవడం అదే మొదలు. నోటితో పిలవడం ఈ జన్మకి తనవల్ల కాదు. రేపు మైకులో ఎవరో చదువుతారు, ఆవిడ ముందు వరసలో కూర్చుని వింటుంది. ఆయనకి అది చాలు. తెల్లారగానే శాంతికుమార్ వచ్చి ఆ కాగితం పట్టుకుని ప్రెస్సుకి వెళ్లాడు. మాస్టారు నకలు కూడా ఉంచుకోలేదు.

సాయంత్రం దండలయ్యాయి, శాలువా అయ్యింది. శాంతికుమార్ అద్దాల ఫ్రేము పట్టుకుని మైకు ముందుకొచ్చాడు. మాస్టారు భార్య కేసి చూశారు. ఆవిడ కొంగు సర్దుకుని కూర్చుంది.

"విద్యావారిధీ, మృదుభాషీ, శిష్యకల్పవృక్షమా, సూర్యప్రకాశం మాస్టారూ..."

అంతా తన పాత సరుకే. రెండో పేరా, మూడో పేరా, ఎక్కడా పొల్లు మారలేదు. ఐదో పేరాకొచ్చేసరికి శాంతికుమార్ ఊపు మీదున్నాడు.

"మీ సేవలు చిరస్మరణీయం, జీవరాజు మాస్టారూ."

జనం చప్పట్లు కొట్టారు. ఎవరికీ చీమ కుట్టినట్టయినా లేదు. శాంతికుమార్ కూడా ఆ ఊపులోనే ఫ్రేము తెచ్చి ఆయన చేతుల్లో పెట్టాడు.

స్టేజీ దిగగానే మాస్టారు ప్రెస్సు పల్లంరాజుని పట్టుకున్నారు. "నేను పంపిన కాగితం ఏదయ్యా?"

"చూళ్లేదండి మాస్టారూ. మీ మేటరు ఎప్పుడూ ఒకటే కదండి. 'పేర్చిన అక్షరాలు విప్పకు రాజూ, పేరు మార్చుకుంటే సరిపోద్ది' అని మీరే చెప్పారు. జీవరాజు గారికి పేర్చిన అక్షరాలు అలాగే కట్టి ఉంచానండి. కంగార్లో ఒకచోట పేరు మార్చడం మర్చిపోయినట్టున్నాను."

"మరి ఆ కాగితం?"

"మావాళ్లు దాంతో మెషిను ఇంకు తుడిచేసుంటారండి."

మాస్టారు ఫ్రేము చంకలో పెట్టుకుని గేటు వైపు నడిచారు. అడగడానికి ఏం మిగిలిందని?

రిక్షాలో ఇంటికి వెళుతుంటే సీతారామలక్ష్మి ఫ్రేము ఒళ్లో పెట్టుకుని, వరస వరసకీ వేలు ఆనించి చదువుకుంటోంది. నిన్న రాసింది నోటితో చెప్పేద్దామా అనుకున్నారు మాస్టారు. ఒక్క ముక్క గుర్తొస్తే ఒట్టు. ఆఖరి మాట ఒక్కటే గుర్తుంది, అది పెదవి దాటి రావడం లేదు.

"ఏవండీ, ఈ పత్రంలో తప్పుందండి," అంది ఆవిడ.

మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. అంత మందిలో ఒక్క మనిషి కనిపెట్టింది. ఆ ఒక్క మనిషీ ఆవిడే. ఆయన గొంతు సవరించుకుని ఆవిడ వైపు తిరిగారు. "సీ..." అన్నారు.

ఆవిడకి వినబడలేదు. ఐదో పేరా మీద వేలు పెట్టి చూపించింది.

"ఇదిగో, ఇక్కడ జీవరాజు గారి పేరు పడిందండి. పోన్లెండి. నిన్న అడిగారు కదా ఎలాంటివారని, పేరొక్కటే తప్పు, మిగతాదంతా అచ్చం మీరే."