నూరోది

"నువ్వు చెప్పావని నేను పుస్తకం మార్చాలా, ఆదెమ్మా?"

తమలపాకు తోట గట్టు మీద బూట్లు విప్పుతూ అడిగాడు రామమూర్తి. ఆకుతోటలోకి చెప్పుకాలితో పోకూడదన్న ఆచారం మీద ఆయనకున్న విసుగు కూడా ఆ ప్రశ్నలో ఉంది.

"మార్చమన్లేదు మేష్టారూ. ఆ రెండు సీతాకోకచిలుకలూ ఒకటేనన్నాను. వానల్లో పుట్టినదానికి రెక్కల మీద కళ్ళలాంటి గుండ్రటి మచ్చలుంటాయి. చలిలో పుట్టినదానికి ఉండవు, ఎండుటాకులా ఉంటుంది. ఇరవయ్యేళ్ళుగా ఈ నీడలోనే ఆకు కోస్తున్నా, నాకు తెలీదా?"

"ఆకు కొయ్యడానికి చేతులుంటే చాలు. శాస్త్రానికి చదువు కావాలి."

ప్రత్తిపాడు చుట్టూ ఎటు చూసినా పత్తి, మిరప. నీడకు అలవాటుపడిన అడవి సీతాకోకచిలుకలకు మిగిలింది అవిసె చెట్లు కమ్ముకున్న ఈ ఎకరం తోటే. రామమూర్తి రాసిన 'గుంటూరు సీమ నూరు సీతాకోకచిలుకలు' మర్నాడు అచ్చుకు వెళ్ళాలి. అందులో కళ్ళున్న గోధుమరంగుది తొంభైతొమ్మిదోది, కళ్ళు లేనిది నూరోది. రెండూ ఒకటే అయితే అట్ట మీది పేరే అబద్ధమవుతుంది.

పుస్తకానికి బొమ్మలు వేసిన అమూల్య పట్టుబట్టడంతో ఆయన పరీక్షకు ఒప్పుకున్నాడు. కళ్ళున్న తల్లి గుడ్డు పెట్టిన గడ్డిదుబ్బును నెల కిందట దోమతెరలో ఉంచారు. ఇప్పుడు చలికాలం; అయినా అందులోంచి కళ్ళున్నదే పుడితే ఆయన మాట నిలుస్తుంది, కళ్ళు లేనిది పుడితే ఆదెమ్మ మాట.

"పురుగు గూడు కట్టి పది రోజులైంది సార్," అంది అమూల్య. "ఈపాటికి పుట్టుండాలి."

"మీరిద్దరూ ఇక్కడే ఉండండి. గుంపుగా వెళితే బెదురుతుంది."

ఆయన ఒక్కడే తీగల మధ్యకు వెళ్ళి తెర ముందు మోకరిల్లాడు. గడ్డి మొదట్లో, రెక్కలు ముడుచుకుని, ఒకటి కూర్చుని ఉంది. ఇంకా వంగి చూశాడు.

కళ్ళు లేవు.

నిజం ఎదుట మనిషి తలవంచడం గురించి ముందుమాటలో ఆయనే ఒక పేజీ రాశాడు. కానీ ఆ నిజం ఒక కూలిమనిషి నోట రావడం ఆయనకు ప్రకృతి మర్యాద తప్పినట్టు తోచింది. తెర అంచు ఎత్తాడు. అది రెండుసార్లు తూలి, పాదుల చీకటిలో కలిసిపోయింది. తెర దించి, మోకాళ్ళ మట్టి దులుపుకున్నాడు.

"అమూల్యా! పుట్టిందమ్మా, కళ్ళున్నదే!"

ఇద్దరూ పరుగున వచ్చారు.

"ఏది సార్?"

"తెర కాస్త తొలగేసరికి ఎగిరిపోయింది. వెనక రెక్కకు ఆరు కళ్ళు. లెక్కపెట్టాను."

"అయ్యో, ఫోటో తీయలేదా?"

"నా మాట చాలదా? ప్రెస్సుకు ఫోన్ చెయ్యి. నూరు నూరే అని చెప్పు." అంటూ ఆదెమ్మ వైపు తిరిగాడు. "విన్నావుగా? ఇకమీదట నీ ఆకేదో నువ్వు కోసుకో. రెక్కల సంగతి మాకు వదిలెయ్."

"అట్టాగేనండి," అంది ఆదెమ్మ.

తెరలోకి చెయ్యిపెట్టి, ఒక గడ్డిపోచను రెండు వేళ్ళతో మెల్లగా తిప్పింది. దాని అడుగున, గడ్డిలో గడ్డిలా, పచ్చటి గూడు వేలాడుతోంది. ఎక్కడా చిట్లలేదు.

"ఇదింకా పుట్టనే లేదు మేష్టారూ. మీరు వదిలేసింది కళ్ళు లేనిది. రెంటినీ పక్కపక్కన పెట్టి చూద్దురని నిన్న సాయంత్రం నేనే పట్టి ఇందులో పెట్టాను."