ఎర్రజెండాకి ఇటువైపు

“బండి ఎందుకాపావ్ బాబాయ్?” రూథాన్ కేక పెట్టినంత పని చేసింది.

“ఐస్ చూడాలి,” అన్నాడు జోసాయా, తీరిగ్గా చేతితొడుగులు వేసుకుంటూ.

“ఇందాకే చూశావుగా! ముప్ఫై నాలుగు అంగుళాల మందం!”

“అది అక్కడి ఐస్. ఇది ఇక్కడి ఐస్.”

డ్రిల్లు భుజాన వేసుకుని దిగిపోయాడు. సీటు కింద పడుకున్న కుక్క కూడా ఒళ్లు విరుచుకుని ఆయన వెంట దిగింది. రూథాన్ అద్దంలోంచి చూసింది. కనుచూపుమేరా తెల్లటి సరస్సు, నడిమధ్య ఎర్రజెండా. జెండాకి అవతల పైక్ రాపిడ్స్ వాళ్ల బండి చీమంత కనిపిస్తోంది. చీమంతే గానీ, ఆగకుండా వస్తోంది.

ఒంటారియో ఉత్తరపు కొసన ప్రతి చలికాలం ఇదే తంతు. గడ్డకట్టిన సరస్సుల మీద వాబూస్ పాయింట్ వాళ్లు ఇటునుంచి, పైక్ రాపిడ్స్ వాళ్లు అటునుంచి గొలుసు చక్రాల బండితో మంచు తొక్కుకుంటూ రోడ్డు వేస్తారు. రెండు బండ్లూ జెండా దగ్గర కలిస్తేనే డీజిలూ పిండీ కలపా లారీల్లో వస్తాయి. లేకపోతే విమానమే గతి, పాలడబ్బా కొనాలన్నా ఆస్తులమ్ముకోవాలి. జెండా దగ్గరికి వెనకొచ్చిన ఊరు ముందొచ్చిన ఊరికి మూస్ దుప్పి మాంసంతో విందు పెట్టాలి. అంతవరకూ సరదాయే.

ఈ ఏడు సరదా ముదిరింది. పోయిన వారం రెండూళ్లూ వింటుండగా జోసాయా, అవతలి రోడ్డు పెద్ద టబితా రేడియోలో సవాళ్లు విసురుకున్నారు.

“నువ్వు ముందొస్తే నేను మా ఊళ్లో ఉండను!” అన్నాడాయన.

“నువ్వు ముందొస్తే నేను మా ఊళ్లో ఉండను!” అందావిడ.

రెండూళ్లూ ఈలలేసి చప్పట్లు కొట్టాయి. ఆనక గతుక్కుమన్నాయి. అక్కడ పెద్దవాళ్లు ఒక మాటన్నారంటే అన్నట్టే. దక్షిణాన పట్నాల్లో ఉండే సర్కారు ఆఫీసుల హామీ లాంటిది కాదది.

ఊరి కౌన్సిల్లో రోడ్డు పని చూసేది రూథానే. డబ్బు కోసం అర్జీలు రాసేదీ ఆమే. ఆ సొమ్ము తీరా ఐస్ కరిగే వేళకి చేతికొస్తుంది. అదైనా, రోడ్డు వేయించే మనిషి ఎవరన్న గడిలో జోసాయా పేరు చూసే ఇస్తారు. నలభై ఏళ్లలో ఒక్క లారీని నీళ్లపాలు చేయని మనిషి మరి. ఆయన ఊరొదిలితే రోడ్డుకి దిక్కెవరు? పైగా తండ్రి పోయాక రూథాన్‌కి మిగిలిన పెద్దదిక్కు ఆయనొక్కడే. అందుకే ఈ పందెం ఓడిపోవడానికి వీల్లేదు.

“ముప్ఫై అయిదు,” అంటూ ఎక్కాడు జోసాయా.

“సంతోషం! పోనీ!”

బండి నత్తకి దారిస్తున్నట్టు కదిలింది.

“కాస్త తొక్కు బాబాయ్!”

“తొక్కితే ఐస్ కింద నీళ్లలో అల లేస్తుంది. అల లేస్తే ఐస్ పగుల్తుంది. నీకు పదేళ్లప్పుడే చెప్పాను.”

నిజమే, చెప్పాడు. ఆయన చెప్పేదాంట్లో తప్పు పట్టడానికి లేకపోవడమే ఆమె ఖర్మ.

రేడియో గరగరలాడింది. “ఏవయ్యా జోసాయా! నీ బండి కదుల్తోందా, సరస్సు కదుల్తోందా?”

“నీలా కళ్లు మూసుకుని తోలడం నాకు చేతకాదు టబితా!”

“చేతకాదని ఒప్పుకున్నావు, అదే పదివేలు!”

అటువైపు జనం గొల్లుమన్నారు. జోసాయా వాళ్లకంటే గట్టిగా నవ్వాడు. రూథాన్‌కి ఒళ్లు మండింది.

“నవ్వేంటి? ఓడితే ఏ గతి నీకు?”

“ఆమె ఓడితే? ఏడుగురు మనవలని ఒంటిచేత్తో సాకుతోంది. వాళ్ల బడీ స్నేహాలూ అన్నీ ఆ ఊళ్లోనే. నాదేముందే, నేనూ నా కుక్కా.”

“జాలిపడ్డానికి ఇదా సమయం!”

వెనక స్నోమొబైళ్లనే చిన్న మంచుబండ్ల మీద ఊరు ఊరంతా హారన్లు మోగిస్తూ వస్తోంది. జెండా ఇక రెండొందల అడుగులే. టబితా బండీ సరిగ్గా అంతే దూరంలో ఉంది. రూథాన్ సీట్లో నిలబడిపోయి, తల పైకప్పుకి కొట్టుకున్నా లెక్కచేయకుండా “పోనీ, పోనీ!” అని గెంతింది.

బండి ఆగింది.

“టీ వేళయింది,” అన్నాడు జోసాయా, ఫ్లాస్కు మూత తిప్పుతూ.

రూథాన్ తలుపు తోసి కిందికి దూకింది. జెండాని ముట్టుకోవాల్సింది బండి గానీ మనిషి కాదని ఆమెకి తెలుసు. అయినా పరిగెత్తింది. సగం దూరం కాళ్ల మీద, మిగతా సగం బొజ్జ మీద జారుకుంటూ వెళ్లింది. ఆమె చెయ్యి కర్రకి జానెడు దూరంలో ఉండగా టబితా బండి ఠంగుమని కర్రకి తగిలింది. పైక్ రాపిడ్స్ జనం ఐస్ అదిరేలా గంతులేశారు.

టబితా బండి దిగొచ్చింది. “దెబ్బ తగిలిందామ్మా?”

రూథాన్ పడుకున్నచోటనే ఆవిడ బూట్లు రెండూ పట్టేసుకుంది. ఏడుపు తన్నుకొచ్చింది.

“పిన్నీ, నీకు పుణ్యముంటుంది. బాబాయ్ ఏదో నోరు జారాడు. ఆ మాట వదిలెయ్. విందు నాలుగు రోజులు పెడతాం!”

వెనక జోసాయా బట్టలసంచి చంకన పెట్టుకుని, నున్నగా గీసిన గడ్డం తడుముకుంటూ నింపాదిగా నడిచొస్తున్నాడు. టబితా అటు చూసి, చప్పున తల దించుకుంది. బుగ్గలు చలికో మరెందుకో కందిపోయాయి.

“ఇల్లరికం వచ్చే పెళ్లికొడుకుని వెనక్కి పంపుతారా ఎవరైనా?”