ఓడ చివరి పేజీ

నలభయ్యో తేడా వస్తే ఉద్యోగం పోతుంది. అఖిల పేరు పక్కన అప్పటికే ముప్పై తొమ్మిది ఉన్నాయి.

హైటెక్ సిటీలోని ఆ సంస్థ పాత రికార్డులను కంప్యూటరులోకి ఎక్కిస్తుంది. ఒకే పేజీని, ఒకరికొకరు తెలియని ఇద్దరు విడివిడిగా ఎక్కించాలి. అంకెలు కలవకపోతే తేడా ఇద్దరి పేర్ల పక్కనా పడుతుంది. నలభై నిండాక, తప్పు తనది కాదని నిరూపించుకోలేనివారిని తీసేస్తారు. చేస్తున్న పనేమిటో ఇంట్లో కూడా చెప్పకూడదని ముందే సంతకం చేయించుకుంటారు.

ఈసారి వచ్చింది రెండో ప్రపంచ యుద్ధంలో పాల్గొన్న ఒక జర్మన్ డిస్ట్రాయర్ ఓడ సేవాచరిత్ర. ఎవరో గుమాస్తా చేతిరాత. ఎన్నిసార్లు రేవు దాటింది, సముద్రంలో ఎన్ని పేలుడు మైన్లు జారవిడిచింది, ఎందరు సిబ్బంది: అన్నీ అంకెలే.

ఉద్యోగం పోతే బీమా పోతుంది. బీమా పోతే అమ్మ నీలమ్మకు వారానికి మూడుసార్లు చేసే డయాలసిస్ ఆగిపోతుంది. రెండు నెలల కిందటి దాకా ఆ ఖర్చు భర్త మహేశ్ కంపెనీ బీమాలో వెళ్లిపోయేది. అక్కడ నిబంధనలు మారాయని, అత్తగారికి ఇక వర్తించదని అతడే చెప్పాడు.

ఆ ఉదయం మహేశ్ కోకాపేట ఆఫీసుకు బయలుదేరుతూ మెడలో కార్డు వేసుకుంటుంటే అఖిల అడిగింది.

“కండ్లేంది గిట్ల ఎర్రగైనయి?”

“కొత్త స్క్రీన్లు పెట్టిన్రు. నీ కండ్లు మస్తు తెల్లగున్నయా? అద్దంల చూస్కో జర.”

ఆమెకు నవ్వు రాలేదు. “ఇయ్యాల నా పని అటో ఇటో తేలుతది.”

“ఫికర్ జేయకు. నీ అంత పక్కాగ చేసేటోళ్లు ఎవరున్నరు?”

మధ్యాహ్నం చివరి పేజీ తెరుచుకుంది. 1940 ఫిబ్రవరి. ఓడ మీద బాంబులు వేసింది శత్రువు కాదు, సొంత దేశపు విమానమే. నౌకాదళం ఓడలను పంపుతున్న సంగతి ఆ విమానంలోనివారికి చేరలేదు. చీకట్లో కింద కనబడింది ఎవరి ఓడో వారికి తెలియలేదు.

మృతులు 271. అఖిల ఎక్కించింది. తెర ఎర్రబడింది. అవతలి మనిషి 277 అని ఎక్కించాడు.

నలభై.

పర్యవేక్షకుడు రామచంద్రం ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. “గంట టైముందమ్మా. ఏమన్న ఉంటే చూపెట్టు.”

ఆమె ఆ అంకెను పెద్దది చేసింది. నడుమనున్న ఏడుకు అడ్డగీత ఉంది. చివరిదానికి లేదు. ఆ గుమాస్తా ఒకటికి పైన పొడవాటి కొక్కెం పెడతాడు, అందుకే అది ఏడులా కనబడుతుంది. వెనక్కి వెళ్లి పేజీ పేజీ తిరగేసింది. నలభై తేడాల్లో ముప్పై ఆరు ఆ ఒక్క పొరపాటే.

“గీత లేకుంటే ఒకటి, సార్. అవతలాయన ఒకట్లన్నీ ఏడ్లు జేసిండు. ఉత్తపుణ్యానికి ఇంకో ఆరుగురిని ముంచిండు.”

రామచంద్రం నవ్వాడు. తర్వాత తల గోక్కున్నాడు. “పాపం, మనకు మనుషుల్ని పెట్టే మూసాపేట ఏజెంటు తెచ్చిన కొత్త మనిషి, అక్కడ్నుంచే చేస్తడు. రెండు నెల్లే అయితుంది. నువ్వు ఊ అంటే తేడాలు చెరిసగం ఏస్త. ఇంకో వారం ఇద్దర్నీ చూద్దం.”

ఇంకో వారం. అమ్మ చేతి మీది సూదిపోట్లు అఖిల కళ్ల ముందు కదిలాయి.

“వద్దు సార్. ఆయన్ని తీసేయుండ్రి.”

రామచంద్రం బల్ల మీది ఫోను అందుకున్నాడు. అటు నుంచి జవాబు లేదు.

“ఎత్తుతలేడు. ఆయనకో ఇంటోళ్లకో నోటితో చెప్పకుంట తీసేయొద్దని రూలు. అర్జీల భార్య నంబరుంది, ఆమెకే చెప్త.”

అతడు చివరి అంకె నొక్కగానే, అఖిల ఒడిలోని ఫోను మోగింది.