తోకవైపు నుంచి

"మళ్ళీ తోకవైపు నుంచేనా!" చియో మంచినీళ్ళ గ్లాసుతో పరుగెత్తింది.

మోరితా గొంతు పట్టుకుని దగ్గుతున్నాడు. ఆమె అతని వీపు మీద నాలుగు దెబ్బలు వేసింది. నాలుగోది దెబ్బ కాదు, నిమరడమే.

ఓకినావా రేవులో ఆమెది నాలుగు స్టూళ్ళ కొట్టు. టోఫు ముక్క మీద ఉప్పులో ఊరిన సుకు చేపపిల్లను పెట్టి ఇస్తుంది. చిటికెన వేలంత కూడా ఉండదు కానీ ఒళ్ళంతా ముళ్ళే. తలవైపు నుంచి తింటే మెత్తగా దిగిపోతుంది. తోకవైపు నుంచి తింటే ముళ్ళు విచ్చుకుని గొంతులో గుచ్చుకుంటాయి.

"పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు, తల ముందని," పక్క స్టూలు మీద నుంచి ఉషి అవ్వ నవ్వింది. "రైల్వేలో ముప్పై ఏళ్ళు ఎలా చేశావయ్యా? రైలుకి ఇంజను ఎటు ఉంటుందో అయినా తెలుసా?"

"నిదానంగా నేర్చుకుంటాను లెండి."

"నువ్వు నేర్చుకునేలోపు మా చియో నీళ్ళు మోసి మోసి అరిగిపోతుంది. అవునే చియో, ఆయన చేపలకి వేరే సీసా ఏమిటి?"

"ఉప్పు తక్కువ వేశాను. ఆయనకి బీపీ."

"మరి పొద్దుటంతా తలుపేసుకుని ఏం చేస్తున్నావు? కొట్టు మధ్యాహ్నం గానీ తెరవట్లేదు!"

"ఇల్లు సర్దుకుంటున్నా," చియో ముఖం తిప్పుకుంది.

మోరితా ప్లేటులోకి చూస్తూ అన్నాడు. "నగోయా నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. ఇక్కడ అద్దె గది గడువు ఆదివారంతో సరి. వచ్చేయమంటోంది."

భర్త పోయిన తొమ్మిదేళ్ళలో చియో సాయంత్రం కోసం ఎదురుచూసింది అతను వచ్చిన ఈ మూడు నెలలే. ఉండిపొమ్మని అడగడానికి నోరు రాలేదు.

"వెళ్ళి ఏం చెబుతారు? ఇంత చిన్న చేప తినడం కూడా రాలేదనా?" అంది విసురుగా.

"అదే సిగ్గుగా ఉంది. అందుకే, సరిగ్గా తినడం వచ్చాకే వస్తానని చెప్పేశాను."

అవ్వ పకపకా నవ్వింది. "అయితే నీ శవం ఇక్కడే లేస్తుందయ్యా!"

మోరితా ఇంకో చేప తీసుకున్నాడు. తోకవైపు నుంచే కొరికాడు. దగ్గాడు. చియో నీళ్ళు తెచ్చింది.

మర్నాడు పొద్దున ఆమె తలుపేసుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని, అతని గొంతులో మొదటిరోజు ముల్లు గుచ్చుకున్నప్పటి నుంచి చేస్తున్నట్టే, గోళ్ళ కత్తెరతో ఒక్కొక్క చేపకీ ముళ్ళన్నీ కత్తిరించి అతని కోసం ఉంచిన ఆ వేరే సీసాలో వేసింది.