బీరువాలో పళ్ళ సెట్టు

“నా పళ్ళు నాకిచ్చేసి మరీ వెళ్ళు” అంది తల్లి, గుమ్మానికి అడ్డంగా నిలబడి.

“రాత్రి భోజనానికి ఇస్తాగా” అంది కూతురు. కట్టుడు పళ్ళ సెట్టును నీళ్ళ డబ్బాలో వేసి, డబ్బాను బీరువాలో పెట్టి, తాళం వేసింది. తాళంచెవిని హ్యాండుబ్యాగులో పడేసి జిప్పు లాగింది. లాగానో లేదోనని మళ్ళీ తడిమి చూసుకుంది.

“నగలు దాచుకునేవాళ్ళని చూశాను గానీ, కన్నతల్లి పళ్ళు దాచేదాన్ని నిన్నే చూస్తున్నాను.”

“నగలు పోతే మళ్ళీ కొనుక్కోవచ్చు. నువ్వు పోతే నేనెక్కడ కొనుక్కోను?”

తల్లి ఇంకా ఏదో అంది. పళ్ళు లేని నోట్లోంచి సగం గాలే వచ్చింది.

బయట చూస్తే మహమ్మారి. ఇంట్లో చూస్తే, పోయిన ఏడాది న్యుమోనియాతో ఆసుపత్రి గుమ్మం దాకా వెళ్ళొచ్చిన తల్లి. ఉన్నది ఇద్దరే. కూతురిది కరెంటు బిల్లుల కౌంటర్లో ఉద్యోగం, సెలవడిగితే మొహం మాడ్చుకుంటారు. తను ఇలా వెళ్ళగానే తల్లి అలా చెప్పులేసుకుని వీధి చివర పార్కుకు బయల్దేరుతుంది. అక్కడ బెంచీ మీద టైపిస్టమ్మ కాచుకుని ఉంటుంది. ఆవిడ ఉద్యోగం మానేసి చాలా కాలమైనా ఆ పేరు మాత్రం మానలేదు.

వద్దని చెప్పి చూసింది. బతిమాలింది. పోనీ బయట తాళం వేద్దామా అంటే, లోపల గ్యాసు లీకైతే? బాత్రూములో కాలు జారితే? కూతురి మనసు క్షణంలో అంబులెన్సు దాకా వెళ్ళొచ్చింది. అందుకే తలుపు వదిలేసి పళ్ళకు తాళం వేసింది.

ఎందుకంటే పళ్ళు లేని మొహం తల్లి ఎవరికీ చూపించదు. పక్కింటావిడ పిలిచినా కర్టెన్ వెనక నుంచే పలుకుతుంది. కట్టుకున్న మొగుడికే ఆ నోరు చూపించలేదని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటుంది.

“అన్నం మెత్తగా మెదిపి పెట్టాను. చేతులు కడుక్కుంటూ ఉండు. ఆవిరి పట్టు. మాస్కు ఇంట్లో కూడా తియ్యకు, పైవాటావాళ్ళు మెట్లు దిగుతూ తుమ్ముతారు.”

“ఆ తుమ్ము గోడ దూరి వస్తుందా?”

“వస్తే?”

మొదట్లో తల్లి ముభావంగా ఉంది. రాత్రి పళ్ళు పెట్టుకున్నాక పగలు తిట్టాల్సినవి కూడా కలిపి తిట్టింది. తరవాత తరవాత మెత్తబడింది. పొద్దున తినగానే తనే సెట్టు కడిగి, “ఇంద, దాచుకో” అని చేతికిచ్చేది. కూతురు సాయంత్రం ఇల్లు చేరేసరికి తల్లి మాస్కు ఉతికి తీగ మీద ఆరేసి ఉండేది. శానిటైజరు సీసా కూడా ఇట్టే ఖాళీ అయిపోతోంది. ఇన్నాళ్ళకు అమ్మ తన మాట వింటోందని కూతురి కడుపు నిండిపోయింది.

పైగా ఆరోగ్యమూ కుదుటపడింది. ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్ళిన ల్యాబువాళ్ళ రిపోర్టులు చూసి డాక్టరు ఫోన్లో ఆశ్చర్యపోయాడు.

“షుగరు బాగా దిగింది. ఆయాసం కూడా లేదంటున్నారు. రోజూ నడిపిస్తున్నారా?”

“నడకా? ఆవిణ్ణి గడప దాటనివ్వడం లేదు డాక్టరుగారూ.”

“సరే, అదే కొనసాగించండి” అన్నాడు డాక్టరు.

కూతురు ఆ మాట ఆఫీసులో అందరికీ చెప్పింది. ఇంట్లో ముసలివాళ్ళున్న ఇద్దరు ముగ్గురికి బీరువా ఉపాయం కూడా చెప్పింది.

ఇంతలో పెద్దవాళ్ళకు టీకాలు మొదలయ్యాయి. టీకా వికటిస్తుందేమోనని ఒక భయం, వేయించకపోతే ఏమవుతుందోనని ఇంకో భయం. రెండో భయమే గెలిచింది. ఆ పొద్దున కూతురు బీరువా తెరిచి, నీళ్ళ డబ్బాను రెండు చేతులా పట్టుకొచ్చి తల్లి ముందు పెట్టింది.

“పెట్టుకో అమ్మా. ఎన్నాళ్ళకో గడప దాటుతున్నావు. నా చెయ్యి పట్టుకుని మెల్లగా నడువు, కళ్ళు తిరుగుతాయేమో.”

తల్లి అప్పటికే మాస్కు తగిలించుకుని, అద్దంలో చూసుకుని, చెప్పులేసుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉంది. డబ్బా వంక చూడనైనా చూడలేదు.

“మాస్కుండగా పళ్ళెందుకే పిచ్చిదానా, పార్కుకి టైపిస్టమ్మ కూడా ఇంట్లో పెట్టే వస్తోంది.”