చెప్పని మంచి రోజులు

“బిడ్డా, మీ ఆయన రాత్రిపూట పండుకుంటున్నడా?”

ముక్కూ మొహం తెలియని ముసలాయన నోట ఆ మాట విని నవనీతకు ఒళ్లు మండిపోయింది.

చంకలో పిల్ల, చేతిలో టిఫిన్ డబ్బా. యూనివర్సిటీ ప్రెస్సులో పనిచేసే మొగుడికి అన్నం పట్టుకొచ్చిన ఆడమనిషిని అడగాల్సిన మాటేనా అది?

“నీకెందుకు తాతా? ముందు నువ్వెవరు?”

“శామ్యూల్ అంటరు. లాలాగూడల ఉంటా. కోపం చెయ్యకు బిడ్డా. మొన్నటిదాక మీ ఆయన గా గోడకు కూసోని డబ్బా మూత సుత తీయకపోతుండె. ఇప్పుడు పదిమందిని పోగేసి చాయ్ తాపిస్తున్నడు. ఇంతకుముందు ఎన్నడన్న ఇంత హుషారైండా?”

“కాలే!”

విసురుగా గేటు దాటి లోపలికి వెళ్లిపోయింది.

ఆమె చెప్పింది అబద్ధం. పెళ్లయిన ఏడాది పరశురాం పది రోజులు అలాగే ఉన్నాడు. కంటిమీద కునుకు లేకుండా ఇల్లంతా తనే సున్నం వేశాడు. సున్నం మిగిలిందని పక్కింటోళ్ల గోడకూ వేశాడు. ఆ పది రోజులు నవ్వినంతగా నవనీత మరెన్నడూ నవ్వలేదు.

కానీ మంచి రోజులు పైకి చెప్పకూడదు.

“మొగడు నవ్వుతుండని నలుగురికి చెప్పకు పిల్లా, దిష్టి తాకుతది,” అని అత్త కాశమ్మ అప్పుడే అంది. ఆ తర్వాత కొడుకు తిండీ మాటా మాని మూల కూర్చుంటే, “జూసినవా? నేను జెప్పలె?” అంది.

అందుకే ఈమధ్య పరశురాం మళ్లీ మూల కూర్చుంటే చూసిన తార్నాక డాక్టరు గారు, “ఎప్పుడైనా మరీ హుషారుగా ఉండేవాడా?” అని అడిగినప్పుడూ నవనీత అడ్డంగానే తలూపింది.

ఆయన కుంగుబాటుకు మందు రాశాడు. మొగుడు మళ్లీ నవ్వాడు. ఇంకేం కావాలి?

మర్నాడు ప్రెస్సు కిటికీ దగ్గర ఆ ముసలాయన మళ్లీ కనిపించాడు. లోపలున్న సూపరింటెండెంటు లక్ష్మీనర్సయ్యతో ఏదో గుసగుసలాడుతున్నాడు.

“పరశురాం” అన్న మాట చెవిన పడింది.

నవనీత అక్కడే ఆగిపోయింది. పరశురాం బైండింగ్ సెక్షన్‌లో ఆరేళ్లుగా రోజుకూలీ. సోమవారం పర్మనెంట్ చేసే ఆర్డరు వస్తుందంటున్నారు. మనిషికి తల బాగాలేదని తెలిస్తే ఆ ఆర్డరు ఇస్తారా?

ఈ ముసలాయనకు ఏ కొడుకో, అల్లుడో ఖాళీగా ఉండి ఉంటాడు. ఆ పోస్టు మీద కన్ను పడింది!

నేరుగా వాచ్‌మన్ దగ్గరికి పోయింది.

“అన్నా, గా ముసలాయన ఆడోళ్లను అడగరాని మాటలు అడుగుతున్నడు.”

వాచ్‌మన్ కర్ర పట్టుకుని లేచాడు.

“ఏయ్ పెద్దమనిషీ! గీ వయసుల గిదేం బుద్ధి? మళ్ల గీడ కనిపిస్తే మంచిగుండది.”

నలుగురూ చూస్తున్నారు. శామ్యూల్ తలవంచుకుని కదిలాడు. పోతూ పోతూ నవనీత ముందు ఆగాడు.

“నన్నేమన్న అను, ఏం గాదు. డాక్టరుకు మాత్రం అంతా చెప్పు బిడ్డా.”

పీడ వదిలిందనుకుంది నవనీత. లాలాపేట్‌లో ఇంటికి చేరగానే ఉప్పు, మిరపకాయలు మొగుడికి దిగదుడిచి పొయ్యిలో వేసింది.

ఆ రాత్రి పరశురాం నిద్రపోలేదు. మర్నాడూ, ఆ మర్నాడూ పోలేదు.

సోమవారం పదకొండు గంటలకే ఇంటికొచ్చాడు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. మాట మీద మాట దొర్లుతోంది.

“నవనీతా, ఆర్డరొచ్చింది! నాకొద్దని రాసిచ్చిన! వాళ్లు నాకిచ్చేదేంది? మెట్టుగూడల సొంత ప్రెస్సు పెడుతున్న. దేశంల పుస్తకాలన్ని నేనే కుడత!”

నవనీత పక్కింటికి పరుగెత్తింది.

ఇరుగుపొరుగు పట్టుకుని ఆటో ఎక్కిస్తే, అతన్ని మళ్లీ డాక్టరు దగ్గరికి చేర్చింది. ఈసారి అన్నీ చెప్పింది. పక్కింటి గోడ సంగతి కూడా.

డాక్టరు కలం పక్కన పెట్టాడు.

“ఒట్టి కుంగుబాటైతే మనిషి కిందికి పోతాడు, మళ్లీ మామూలుకు వస్తాడమ్మా. మీ ఆయన మామూలును దాటి పైకీ పోతున్నాడు. అది వేరే జబ్బు, దాని మందు వేరు. కుంగుబాటు మందు ఒక్కటే వేస్తే ఇలాంటివాళ్లు ఒక్కోసారి ఇంకా పైకి ఎగురుతారు. ఆ పది రోజుల గురించి అడిగాను కదా, ఎందుకు చెప్పలేదు?”

“అవి మంచి రోజులు గద సార్... రోగమని ఎట్ల చెప్పుదు?”

మర్నాడు పిల్లనెత్తుకుని ప్రెస్సుకు పరుగెత్తింది. లక్ష్మీనర్సయ్య కాళ్ల మీద పడబోయింది.

“లే బిడ్డా, లే. నీ మొగడు రాసిచ్చిన కాయితం పైకి పంపలె. నా డ్రాయర్లనే ఉన్నది. తగ్గినంక వచ్చి డ్యూటీల చేరమను.”

నవనీత చేతులు జోడించింది.

“శామ్యూల్ ముందే చెప్పిండు. ‘పరశురాం నౌకరి వద్దని రాసిస్తే పంపకు నర్సన్నా, పదిరోజులు ఆపు’ అని నా గడ్డం పట్టుకున్నడు.”

కిటికీ దగ్గరి గుసగుసలు అవేనా!

“ఆయన ఏడుంటడు సార్? ఒక్కసారి కలుస్త.”

“ఏడున్నడో? గేటు కాడ గా మాట పడ్డంక లాలాగూడల రూము ఖాళీ చేసిండట. ఎటు పోయిండో ఎవ్వరికి ఎరుక లేదు.”

“మేమేమైతమని ఆయనకింత...?”

లక్ష్మీనర్సయ్య డ్రాయరుకు తాళం వేశాడు.

“నీ మొగనికిచ్చిన పోస్టు ఆయనదే బిడ్డా. తొమ్మిదేండ్ల కింద గిట్లనే నవ్వుకుంట వచ్చి రాజీనామా నా చేతుల పెట్టిండు, నేను గా పూటనే పైకి పంపిన.”