ఎదుటి కుర్చీ

ట్రేడింగ్ కార్డుల పోటీల్లో మా జగిత్యాలలో ఓడాను, కోరుట్లలో ఓడాను. సిరిసిల్లలోనూ మొదటి ఆటే ఓడితే కార్డులన్నీ అమ్మేస్తానని బస్సులో మహమూద్ ముందు ఒట్టు పెట్టుకున్నాను. అలాంటి ఒట్లు ప్రతి బస్సులోనూ పెట్టుకుంటాను. మహమూద్ కూడా ఆడతాడు. రోజూ నన్ను ఓడించేది వాడే.

ఫంక్షన్ హాల్లో ఎవరికి ఎవరు పోటీయో గోడకు అంటించారు. జనంలో దూరి వాడే చూసొచ్చాడు.

“నీది కిటికీ కాడి టేబుల్‌రా.”

“ఎదుటోడెవడు?”

“అస్తడు తియ్. నువ్ కూసో, నేను ఛాయ్ తెస్త.”

ఎంతసేపైనా ఎదుటి కుర్చీలోకి ఎవరూ రాలేదు. నా పేరు చూసే జడుసుకున్నాడనుకున్నాను. కాలు మీద కాలేసుకుని, ఖాళీ కుర్చీ కనబడేలా సెల్ఫీ దిగి, ‘గెలిచిన’ అని స్టేటస్ పెట్టేశాను.

రిఫరీ గడియారం చూసుకున్నాడు. “టైం అయిపోయింది తమ్మీ, నువ్వే గెలిచినవ్. మహమూద్ రాలే.”

“ఏ మహమూద్?”

“ఒక్కడే ఉన్నడు గద! మీ జగిత్యాలోడే.”

అప్పుడొచ్చాడు వాడు, ఉత్త చేతులతో.

“ఛాయ్ ఏదిరా?” అన్నాను.

“టైం గడవాలె గదరా! రెండూ నేనే తాగిన.”